కొలత లేని పటం

మొన్నొక ఆదివారం మా తమ్ముడి కూతురు నన్ను కోయంబత్తూరులో కొత్తగా తెరిచిన ఒక కాఫీ కొట్టుకు తీసుకుపోయింది. లోపల అడుగు పెట్టగానే వేయించిన గింజల వాసన, దాని వెనకే కొత్తగా రంగు పూసిన గోడల వాసన. గోడల నిండా పాతకాలపు సామాను తగిలించి పెట్టారు, ఇత్తడి టార్చిలైట్లు, పిడి విరిగిన కుట్టుమిషను, ఎవరింటివో పెళ్ళి ఫోటోలు. వాటన్నిటి మధ్య అద్దం బిగించిన చట్రంలో ఒక బస్సు కంపెనీ దారి పటం వేలాడుతోంది. కోయంబత్తూరు నుంచి మదురై మీదుగా రామేశ్వరం దాకా ఎర్ర గీత, గీతకు ఇరుపక్కలా ఒక్కో ఊరికి ఒక్కో బొమ్మ, మధ్యలో గుడి గోపురాల కంటే పెద్దదిగా గీసిన నీలం బస్సు, దాని కిటికీలోంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న మీసాల డ్రైవరు. పిల్ల దాన్ని చూసి ఎంత ముద్దుగా ఉందో అత్తా అని, నన్ను దాని కింద నిలబెట్టి ఫోటో తీయబోయింది. నాకు ముద్దు రాలేదు, ఒళ్ళు మండింది. అరవై దాటిన మనిషిని, తాగుతున్న కాఫీ బల్ల మీద పెట్టేసి విసవిసా బయటికి నడిచి వచ్చాను.

ఆ పటం మా ఇంట్లో ఉండేది. మా నాయన ఆ కంపెనీలో డ్రైవరు. యాత్రికులను ఆకట్టుకోవడానికి కంపెనీ దాన్ని అచ్చు వేయించి బస్‌స్టాండుల్లోనూ హోటళ్ళలోనూ అంటించి, పనివాళ్ళకు తలా ఒకటి ఇచ్చింది. అందులో నవ్వుతున్న డ్రైవరు తానేనని మా నాయన గట్టి నమ్మకం. పటం గీసిన మనిషి ఒకసారి తన బస్సులో ఎక్కాడని, పళని దాకా తన పక్కనే కూర్చుని తననే చూశాడని చెప్పేవాడు. మా వీధి వాళ్ళు కూడా అవునవును అదే మీసం అనేవారు. కాదనే ధైర్యం ఎవరికుంది?

మాది కినత్తుకడవు పక్కన, పొల్లాచ్చి రోడ్డును ఆనుకుని, కొబ్బరితోటల నడుమ ఉన్న నలభై గడపల తెలుగువాళ్ళ వీధి. మా పెద్దలు ఏ రాజు కాలంలో ఎవరి వెనక ఇక్కడికి వచ్చారో ఎవరికీ తేలదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపం ఎక్కువైతే రెండూ. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, అందుకని ఈ రాతలో ఎక్కడైనా కాలు తడబడితే మన్నించండి. ఆడి మాసంలో, అంటే ఆషాఢ శ్రావణాల నడుమ, పడమటి కనుమ సందులోంచి గాలి విరుచుకుపడేది, కొబ్బరిమట్టలు విరిగి ఇళ్ళ మీద పడేవి, ఒక ఏడు కాయ రాలి మా ఎదురింటి తాత నెత్తి పగిలింది. ఆ నెలంతా పిల్లలం చేటలు నెత్తిన పెట్టుకుని బడికి పోయేవాళ్ళం. సంక్రాంతి ముందు మార్గళిలో మంచు, తెల్లవారకముందే పేడ నీళ్ళ వాసన, పొయ్యి మీద కంబు, అంటే సజ్జ, సంగటి కుతకుత. పెళ్ళిళ్ళ రోజుల్లో బెల్లం పాకంలో వేగిన కచ్చాయాలు, కొబ్బరి పూర్ణం పెట్టిన ఒప్పుట్లు, వాటికోసం పిల్లల మధ్య గోళ్ళతో రక్కుకునే యుద్ధాలు.

దెబ్బ అనేది మా వీధిలో ఉప్పు లాంటిది, అది లేని పూట ఉండేది కాదు. బడిలో అయ్యవారు పిడికిలి తిప్పించి కణుపుల మీద కొట్టేవాడు. నేలలో పాతిన ఇనుప మొన మీద కొబ్బరికాయలు ఒలిచే ఆడవాళ్ళకు అరచేతుల్లో గాయం మానకముందే ఇంకో గాయం. శివరాత్రి వచ్చే మాసి నెలలో అమ్మవారికి వేటపోతును కొడితే తల ఒకే వేటుకు తెగాలి, తెగకపోతే ఆ ఏడు వీధికి అరిష్టమని కొట్టినవాణ్ణే పట్టుకుని కొట్టేవారు. మేము ముందు వరుసలో నిలబడి చూసేవాళ్ళం, నెత్తురు బొట్టు నుదుటన పెట్టించుకునేవాళ్ళం, మధ్యాహ్నానికి ఆ నెత్తురునే ఉల్లిపాయలతో వేపి పెడితే లొట్టలు వేసుకుని తినేవాళ్ళం. మా ఆటలు కూడా అంతే. తాడులో నలుగురు దూరితే ఒక బస్సు, ఇంకో తాడులో నలుగురు దూరితే ఎదుటి కంపెనీ బస్సు. టైము కన్నా ముందు వచ్చి మా జనాన్ని ఎత్తుకుపోయావని అరుచుకుని, తాళ్ళు పారేసి నిజంగానే కొట్టుకోవడం ఆట. నేను డ్రైవరు కూతుర్ని కాబట్టి ఎప్పుడూ డ్రైవర్నే.

అది మేము కల్పించిన ఆట కాదు. ప్రైవేటు బస్సుల లోకంలో నిమిషాల కోసం తలలు పగిలేవి. ఒకడు పొల్లాచ్చి స్టాండు వదలడానికి రెండు నిమిషాలు తాత్సారం చేస్తే వెనక వచ్చేవాడి జనం వాడి బండిలో ఎక్కేస్తారు, దానికి కండక్టర్లు చొక్కాలు పట్టుకుంటారు, డ్రైవర్లు దిగి వస్తారు. మా నాయన దిగాడంటే ఆ గొడవ అయిపోయినట్టే. ఒకసారి ఎదుటి కంపెనీ డ్రైవరు ముందుపళ్ళు రెండు రాలగొట్టి ఇంటికి వచ్చి, చొక్కా మీద పడ్డ నెత్తురును మాకు చూపించాడు. ఆ పూట వీధంతా మా అరుగు మీదే కూర్చుంది. నాకు గర్వంగా ఉండింది, ఆ మాట దాచను.

ఆ చేతులే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పటం నేర్పాయి. నా వేలు పట్టుకుని ఎర్ర గీత మీద నడిపించేవాడు. ఇదిగో మనం, ఈ కొబ్బరిచెట్ల కింద. ఇది పొల్లాచ్చి సంతలో ఎద్దు, ఇది ఉడుమలైపేట పత్తి మూట, ఇది పళని కావడి, ఇది కొడైకానల్ చెరువులో పడవ, ఇది దిండుక్కల్లు తాళంకప్ప, ఇది మదురై గోపురం. పైకి పోతే కారమడై రథం, దాని పైన ఊటీ కొండరైలు. ఎక్కడెక్కడ టీ బాగుంటుందో, ఏ మలుపులో బండి తిరగబడిందో, ఏ వంతెన కింద శవం దొరికిందో అన్నీ ఆ బొమ్మల మీదే చెప్పేవాడు. మా అమ్మ పుట్టిల్లు మేలూరు అవతల, కొండరాయి కోసే గనుల పక్క ఊళ్ళో. పటంలో ఆ చోట చిత్రకారుడు ఒక పెద్ద నెమలిని దించాడు, దాని తోక కింద మేలూరూ ఆ చుట్టుపక్కల ఊళ్ళూ మునిగిపోయాయి. మీ అమ్మ ఊరు నెమలి కింద పడి చచ్చింది అని నాయన నవ్వేవాడు. అమ్మ వంచిన తల ఎత్తేది కాదు.

అమ్మను కొట్టడానికి ఆయనకు కారణం అక్కర్లేదు. అనుమానం పెనుభూతం అంటారు, ఆ భూతం ఆయనతోపాటు బండిలోనే తిరిగేది. ఒక రోజు పొద్దున్నే కోయంబత్తూరు నుంచి బయల్దేరి మదురై పోయి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు పొద్దున ఆరింటికి తిరుగు బండి తీసేవాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బండి మా వీధి మొగ దాటేటప్పుడు రెండుసార్లు హారను కొట్టేవాడు. ఆ హారను వినగానే అమ్మా నేనూ రోడ్డు పక్కకు వచ్చి చెయ్యి ఎత్తి ఊపాలి. అన్నం వార్చుతున్నా, జ్వరంతో పడుకున్నా సరే. ఊపకపోతే ఆయన ఇల్లు చేరిన సాయంత్రం ఎవణ్ణి చూస్తా నిలబడిండావు అనే ప్రశ్నతో మొదలయ్యేది. బండిలోంచి తెచ్చిన పాత ఫ్యాను బెల్టు తలుపు వెనక మేకుకు ఉండేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, కొడుకు అడుగుల చప్పుడును బట్టే సంగతి పసిగట్టి, మొదటి దెబ్బ పడకముందే లేచిపోయి పెంకులో రాళ్ళఉప్పు వేయించేది. దెబ్బలు అయ్యాక ఆ ఉప్పును గుడ్డలో మూటకట్టి కోడలి వీపుకు కాపడం పెట్టేది. ఆపడానికి లేవని మనిషి కాపడానికి లేచేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని వీధిలో అందరిలాగే మేమూ నోరు మూసుకున్నాం.

నా తొమ్మిదో ఏట, ఆడి గాలులు పోయిన కొత్తలో, అమ్మ ఏదో మాటకు పక్కింటావిడతో నవ్వుతుండగా నాయన ఇల్లు చేరాడు. ఆ రోజు బెల్టు తీసే ఓపిక కూడా లేదు. జుట్టు పట్టి లోపలికి ఈడ్చి, తలను గోడకేసి కొట్టాడు. పటం ఉన్న గోడ. రెండోసారి కొట్టినప్పుడు నుదురు చిట్లి నెత్తురు చిమ్మి పళని కావడి మీదా బస్సు మీదా పడింది. అమ్మ జారి నేల మీద కూలబడింది. నాయన భుజం మీది తువ్వాలు తీశాడు. అమ్మ కోసమే తీశాడనుకున్నాను. ఆయన పటం దగ్గరికి పోయి, కాగితం చిరగకుండా, మెల్లగా, ముందు డ్రైవరు ముఖాన్ని, తర్వాత బస్సును, ఆ తర్వాత కావడిని ఒత్తి ఒత్తి తుడిచాడు. తువ్వాలు దండెం మీద వేసి స్నానానికి పోయాడు.

ఆ రాత్రి అమ్మ ఏడవలేదు. మర్నాడు ఆయన బండి మదురై వైపు పోయాక, చెయ్యి ఊపి లోపలికి వచ్చి, నన్ను దగ్గరికి తీసుకుని ఒకే మాట అంది.

"ముందు పటాన్ని తుడిచినాడు అమ్మణీ. నా పక్క తిరిగి కూడా చూళ్ళేదు."

ఇన్నేళ్ళ బెల్టు దెబ్బలు చెయ్యని పని ఆ తువ్వాలు చేసింది.

ఇక్కడ మా వాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడది తనంతట తాను పుట్టింటికి చేరి గడప దాటితే చాలు, ఆమె ఆ ఇంటి మనిషి. మొగుడు తన వీధి పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, అక్కడి పెద్దల ముందు నేల మీద కూర్చుని జవాబు చెప్పుకునేదాకా ఆమెను తీసుకుపోలేడు. జవాబు నచ్చకపోతే అసలు పంపరు. కానీ గడప దాటేలోగా మొగుడు దారిలో పట్టుకుంటే ఆమె నోరెత్తకుండా వెనక్కి పోవాలి, పుట్టింటివాళ్ళు కూడా తలుపు తియ్యరు. అంటే అంతా దారిలోనే తేలాలి. మా అమ్మకు వచ్చిన చిక్కల్లా ఆ దారి మా నాయనది కావడమే. కోయంబత్తూరు నుంచి మదురై దాకా ప్రతి స్టాండులో ఆయనను ఎరిగినవాళ్ళు, టీకొట్ల వాళ్ళతో సహా. ఆయన పోయిన రోజే వెనకే పోతే మదురై స్టాండులో ఆయనకే దొరికిపోతాం. ఆయన మదురైలో ఉన్న రాత్రి గడిచాక పొద్దున్నే బయల్దేరితే ఆయన బండి ఎక్కడో ఒకచోట ఎదురు రాక తప్పదు. ఎదురెదురుగా వచ్చిన బండ్లు ఆగి, డ్రైవర్లు కిటికీల్లోంచి పలకరించుకునే రోజులవి. కాబట్టి ఆయన ఎదురుపడే వేళకు మేము రోడ్డు మీద ఉండకూడదు. ఏదో ఒక ఊళ్ళో దిగి, ముసుగేసుకుని మూల కూర్చుని, ఆయన దాటిపోయాక ఇంకో బండి పట్టుకోవాలి. ఆయన బండి పోయిందా అని అడిగామా, ఆ కబురు మాకన్నా ముందు ఆయనకు చేరుతుంది.

అమ్మకు చదువు రాదు. "నాయన బండి ఏడ ఎదురొస్తాదో ఆ పటం చూసి చెప్పు" అంది. నేను పీట ఎక్కి, వేలి కణుపుతో ఎర్ర గీతను మా కొబ్బరిచెట్ల నుంచి మదురై గోపురం దాకా కొలిచాను. ఆయనా ఆరింటికే తీస్తాడు, మనమూ ఆరింటికే ఎక్కుతాం, కాబట్టి సరిగ్గా సగంలో కలవాలి. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. సగం అంటే పత్తి మూట దగ్గర, ఉడుమలైపేటలో.

తర్వాత నేను ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పాను. ప్రతి ఏడూ మొదటి రోజు పాఠం ఒకటే, పటం అడుగున కొలత గీత లేకపోతే దాన్ని నమ్మొద్దని. పిల్లలు ఈ టీచరుకు ఇదొక పిచ్చి అనుకునేవారు. ఆ కంపెనీ పటానికి కొలత లేదు. పొల్లాచ్చికీ ఉడుమలైకీ మధ్య చూపించడానికి పెద్దగా ఏమీ లేకపోయినా, కొబ్బరిబొండాల మనిషీ ఎడ్లబండీ బాగున్నాయని చిత్రకారుడు వాటిని చాచి చాచి గీశాడు. పళనికీ మదురైకీ నడుమ చెరువూ పడవా పట్టించడానికి రోడ్డును కుదించి పారేశాడు. అసలు సగం పళని కూడా దాటాక వస్తుంది. యాత్రికుడికి అది బొమ్మ, నాకు అది మా నాయన ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న వేదం.

మర్నాడు పొద్దున అవ్వకు గుడికి పోతున్నామని చెప్పి, బట్టల మూట చంకన పెట్టుకుని, ఎదుటి కంపెనీ బండి ఎక్కాం. పొల్లాచ్చిలో మారి ఉడుమలైలో దిగాం. అమ్మ నుదుటి కట్టు కనబడకుండా కొంగు ముఖం మీదికి లాక్కుని, స్టాండులో ఆడవాళ్ళు కూర్చునే చోట గోడవైపు తిరిగి కూర్చుంది. ఎండ మెట్టు మీద నుంచి మా కాళ్ళ దగ్గరికి వచ్చింది. గడియారం మా దగ్గర లేదు. ఇంగ పోయింటాడా అని అమ్మ నన్ను మూడుసార్లు అడిగింది. మూడోసారి నేను ధీమాగా, పోయింటాడు, మనం సగంలోనే కదా ఉండాం అన్నాను. పళని బండి ఎక్కాం. రద్దీలో కండక్టరు నన్ను తీసుకెళ్ళి డ్రైవరు పక్కనున్న ఇంజను పెట్టె మీద కూర్చోబెట్టాడు. అమ్మ రెండో వరుసలో కూర్చుంది. గాలి తగులుతుంటే ఆమె కొంగు కాస్త వెనక్కి తోసుకుని బయటికి చూసింది. నా ఎరుకలో ఆమె అలా బయటికి చూడడం అదే మొదటిసారి.

పళనికి ముందు రైలు గేటు వేసి ఉంది. మా బండి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు. క్లీనరు చక్రం కింద పెట్టే కట్టె దిమ్మె తీసుకుని కిందికి దూకాడు. గేటుకు అవతల దుమ్ము లేపుకుంటూ ఇంకో బండి వచ్చి ఆగింది. నీలం బండి. అలవాటుగా రెండుసార్లు హారను మోగింది.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అది లేచింది. ముందద్దం మీదికి వంగి, నవ్వుతూ, రోజూ ఊపినట్టే ఊపాను.

నాయన ముందు నవ్వాడు. తర్వాత ఆయన ముఖంలో నవ్వు ఆగిపోవడం పట్టాల అవతల నుంచే నాకు కనిపించింది. తలుపు తెరుచుకుంది, గేటు కమ్మీ కింద వంగి దూరి, పట్టాలు దాటి వచ్చాడు. రైలు కూత దగ్గర్లోనే వినిపించింది. ఆయన మా బండి ఎక్కి, ఎవరినీ ఏమీ అడగకుండా, అమ్మ జుట్టు చేతికి చుట్టుకుని మెట్ల మీదుగా కిందికి ఈడ్చాడు. కట్టు ఊడిపోయి నుదుటి గాయం మళ్ళీ తెరుచుకుంది. రోడ్డు మీద పడేసి కడుపులో తన్నాడు, డొక్కలో తన్నాడు. రెండు బండ్ల జనం కిటికీల్లోంచి తలలు పెట్టి చూశారు. మొగుడూ పెళ్ళాలు అన్నారు ఎవరో. రైలు మా పక్కనుంచి పోతోంది, దాని చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. నేను ఆయన కాలు పట్టుకుని కొరికాను. విదిలిస్తే పోయి చక్రానికి తగిలాను.

అమ్మ నన్ను చూసింది. ఆమె చేతికి అందేంతలో, క్లీనరు చక్రం కింద పెట్టబోయి బెదిరి వదిలేసిన కట్టె దిమ్మె పడి ఉంది. రెండు చేతులా దాన్ని ఎత్తి, మళ్ళీ జుట్టు కోసం వంగుతున్న ఆయన కుడిచేతి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు, రైలు అప్పటికే దాటిపోయింది కాబట్టి, అందరికీ వినపడింది. ఆయన కూర్చుండిపోయాడు. అమ్మ లేచి నిలబడి అదే చేతి మీద ఇంకోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది. నాలుగోది కొట్టబోతే క్లీనరు వెనకనుంచి పట్టుకున్నాడు. అమ్మ ఊపిరి కొబ్బరిచెట్టు ఎక్కి దిగినవాడిలా వస్తోంది.

గేటు తెరిచారు. మా బండి డ్రైవరు మా భాష మనిషే. కిందికి దిగి వచ్చి, కంకర మీద చెయ్యి పట్టుకుని మూలుగుతున్న మా నాయనను ఒకసారి చూసి, అమ్మతో మెల్లగా అన్నాడు.

"ఎక్కు అక్కా. ఇంగ ఈడ నిలబడొద్దు."

దారిలో పట్టుకుంటే వెనక్కి పోవాలన్నది కట్టుబాటు. పట్టుకున్న చెయ్యి విరిగితే ఏం చెయ్యాలో మా పెద్దలెవరూ చెప్పలేదు. అమ్మ ఎక్కింది. పళని దాకా, దిండుక్కల్లు దాకా, మదురై దాకా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. దారిపొడుగునా నేను పటంలో నేర్చుకున్న బొమ్మల కోసం వెతికాను, ఒక్కటీ కనబడలేదు. మేలూరులో దిగి, రాళ్ళ లారీలు లేపిన తెల్ల దుమ్ములో ఆరు మైళ్ళు నడిచి, పొద్దు వాలే వేళకు అమ్మ పుట్టిల్లు చేరాం. మాకంటే ముందు కబురు చేరింది. మేము బండ్లు మారేలోగా మమ్మల్ని దాటిపోయిన కంపెనీ బండి మదురైలో చెప్పింది, అక్కడినుంచి మేలూరు చేరిన మాటను ఎవడో సైకిలు మీద వచ్చి చెప్పిపోయాడు. మా మామ, అమ్మకు పెద్దన్న, గడపలో అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"కొట్టిచ్చుకోని వచ్చిండితే గడప నీదే. కొట్టి వచ్చిండావు. పెద్దోళ్ళు ఒప్పరు, నేను ఏమి చేసేది?"

నుదుటి నుంచి నెత్తురు కారి రవికె మీద అట్టకట్టి ఉంది. అది ఆయనకు కనబడుతూనే ఉంది. కట్టుబాటు దెబ్బ తిన్నదాని కోసం రాసిపెట్టారు, తిరగబడ్డదాని కోసం కాదు. అమ్మ కాసేపు అన్న ముఖం చూసింది. సరి అన్నా, బిడ్డకి నీళ్ళు పొయ్యి అంది. మామ చెంబు తెచ్చి గడప ఇవతల పెట్టాడు. నేను తాగాను. అమ్మ తాగలేదు. మర్నాటి బండికి వెనక్కి వచ్చేశాం.

నాయన మంచం మీద ఉన్నాడు, చేతికి వెదురుబద్దల కట్టు. అవ్వ ఆయనకు ఉప్పు కాపడం పెడుతోంది. గోడ మీద డ్రైవరు పళ్ళన్నీ పెట్టి నవ్వుతూనే ఉన్నాడు. నాకు ఏమనిపించిందో తెలియదు, పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, పీట ఎక్కి, ఆ ముఖాన్ని గీకి గీకి చించేశాను. నాయన మంచం దిగి వచ్చాడు. అంతవరకూ నన్ను ఒక్కసారి కూడా కొట్టని మనిషి. ఆయన ఎడమ చెయ్యి కొట్టడం నేర్చుకున్నది నా మీదే. అమ్మ వచ్చి అడ్డం నిలబడేసరికి నా ఎడమ చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఆ చెవి ఈ రోజుకీ సగమే వింటుంది.

కుడిచెయ్యి వంకరగానే అతుకుపడింది. స్టీరింగు పట్టలేని చేతిని కంపెనీ కొన్నాళ్ళు షెడ్డు కాపలాకు పెట్టి తర్వాత పంపేసింది. ఎడమ చేత్తో ఆయన ఇంకో పదిహేనేళ్ళు అమ్మను కొడుతూనే ఉన్నాడు, గురి కుదిరేది కాదు, అమ్మ మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ తల వంచుకుని తినలేదు, చేతికి ఏది దొరికితే దానితో తిరిగి కొట్టింది. తమ్ముడు అందులోనే పుట్టాడు, అందులోనే పెరిగాడు. కొట్లాటలు అలవాటై వీధి వినడం మానేసింది. ఆయన పోయాక అమ్మ నా దగ్గరే ఉండింది. రైలు గేటు మాట మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. ఆయన మనల్ని ఎలా చూశాడని ఆమె అడగలేదు, నేనే చెయ్యి ఊపానని నేను చెప్పలేదు.

ఇప్పుడు ఆ గేటు లేదు, దాని మీదుగా వంతెన పోయింది. కంపెనీ ఏనాడో మూతపడింది. బస్సులకు నల్లద్దాలు, ఎదురొచ్చినవాణ్ణి పలకరించే తీరిక డ్రైవర్లకు లేదు. మా వీధిలో సగం ఇళ్ళు రోడ్డు వెడల్పులో కొట్టుకుపోయాయి, మిగిలిన ఇళ్ళలో పిల్లలు తమిళంలోనే కలలు కంటారు. గడప కట్టుబాటు పోయింది, ఇప్పుడు పోలీస్ స్టేషన్ ఉంది, అక్కడా నువ్వేం చేశావని ముందు ఆడదాన్నే అడుగుతారు. అమ్మ పోయి రెండేళ్ళయింది. పోవడానికి నెల రోజుల ముందు తలకు నూనె రాస్తుంటే, నేనేమీ అడగకుండానే అంది.

"ఆ దినం నీ చెయ్యి కాదు అమ్మణీ. నాది ముందు లేచింది."

నేను నూనె రాయడం ఆపలేదు. ఆ రోజు బండిలో ఆమె నా వెనక రెండో వరుసలో కూర్చుంది, ఆమె చెయ్యి ఎత్తిందో లేదో నాకు కనబడే వీల్లేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అది నిజమే అయితే, హారను వింటే చెయ్యెత్తేలా ఆ మనిషిని అలా తయారుచేశారే అని నా కడుపు మండిపోతుంది. అబద్ధమైతే, యాభై ఏళ్ళు నా మొహంలో ఆ తప్పును చదువుతూ, చివరికి దాన్ని తన నెత్తిన వేసుకుని పోయింది. అమ్మా, ఆ రోజు చెయ్యి ఊపింది నేనే. నీతో చెప్పలేకపోయాను.